వడ్రంగి ఇంటి తలుపు

భూదేవి వీపున రెండు మహాఫలకాలు కోట్ల ఏళ్లుగా ఒకదానినొకటి ఒరుసుకుంటూ, ఒకచోట కొండలను పైకెత్తుతూ, మరొకచోట సముద్రాలకు దారి విడుస్తూ సాగే ఆ అనంతకాలంలో, వాటి అతుకు మీదనే వెలసిన ఒక వీధిలో, ఈ వడ్రంగి ఆయుష్షంతా బిగిసిన తలుపులకు చిత్రిక పట్టడంతోనే గడిచింది. నేల వెంట్రుకవాసి జరిగినా ద్వారబంధం ఒరుగుతుంది, తలుపు పట్టేస్తుంది, ఆయనకు కబురు వస్తుంది. వచ్చి, అంచును బొటనవేలితో నిమిరి, తల పంకించి, చెవిపైని పెన్సిలు తీస్తాడు. సొంత ఇంట్లో తల్లి గది తలుపు మాత్రం "రేపు చూస్తాలే అమ్మా" అన్న మాటతోనే ఏళ్లు నెట్టుకొచ్చింది.

మొన్న ఉదయం భూమి గట్టిగా కంపించినప్పుడు ఆ తలుపే బిగుసుకుపోయి, ముసలితల్లి లోపల చిక్కుబడింది. పైగోడ పగులు విచ్చుకుంటూండగా ఆయన ఉలి అందుకుని, గబగబా తలుపు పైఅంచు చెక్కసాగాడు.

"అమ్మా, పలుకవే!"

"పలుకుతూనే ఉన్నాగా! మెల్లగా చెక్కరా, మంచి కర్ర. ఊళ్లోవాళ్ల తలుపులన్నీ అయిపోయాయా? ఇన్నాళ్లకు నా వంతొచ్చిందా?"

ఆ దెప్పిపొడుపు విన్నాక గాని ఆయన ఉలి కుదురుగా సాగలేదు. తలుపు ఊడివచ్చింది. ఒళ్లంతా సున్నపు పొడితో, చిన్న గీతైనా పడకుండా నిలిచిన తల్లిని చంటిపిల్లలా ఎత్తుకుని వీధిలోకి నడిచాడు.

ఆ తల్లికి నిండు నూరేళ్లు, ఆ కొడుకుకు తరగని చేతిబలం కలుగుగాక. నేల ఎంత కదిలినా ఆ ఇంటిల్లిపాదీ చల్లగా ఉందురుగాక!