లవాన్ ఇంట్లో దుమ్ముండదు

హార్లన్ క్రాసింగ్‌లో లవాన్ టాఫ్ట్ శుభ్రం గురించి ఎవర్ని అడిగినా చెబుతారు. ఇరవై ఏడేళ్ళు ఆ ఊరి బడి వంటగదిలో పనిచేసింది. ఆవిడ తోమిన డేకిసాలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని పిల్లలు వెక్కిరించేవాళ్ళు. గురువారం గురువారం ఆవిడ చేసే చిక్కుళ్ళ పులుసూ, దాంతోపాటు పెట్టే దాల్చినచెక్క రొట్టే తిని పెరిగినవాళ్ళే ఇప్పుడు ఊళ్ళో సగం మంది. ఉద్యోగం మానేశాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. మొగుడి తూటాల మీద పడింది.

ఆ మొగుడు ఆర్విడ్. గోధుమ గిడ్డంగిలో పనిచేసి మానేసిన మనిషి. ఆ లోయలో మగాళ్ళందరిలాగే ఆకురాలు కాలం వస్తే జింకల వేటకి పోతాడు, కొత్త తూటాలు కొనడం నామోషీ అనుకుంటాడు. తూటా పేలితే పోయేది గుండూ మందే కదా, ఇత్తడి తొడుగు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, అడుగున మందుని అంటించే కొత్త నిప్పుబిళ్ళ నొక్కి, మందు పోసి గుండు బిగిస్తే మళ్ళీ తూటా. బిగించే పని ఆర్విడ్‌ది, శుభ్రం చేసే పని లవాన్‌ది. శనివారాల్లో ఊరి బయట గురి చూసి కాల్చుకునే మైదానానికి బకెట్టు పట్టుకుపోయి, అందరూ వదిలేసిన తొడుగులు కూడా ఏరుకొచ్చేది.

శుభ్రం చేసే యంత్రం పెద్ద విచిత్రమేం కాదు. మూత ఉన్న పసుపుపచ్చ గిన్నె, దాని కింద మోటారు. మొక్కజొన్న బెండ్ల నూక సగానికి పోసి, మసిబారిన తొడుగులు రెండొందలు వేసి మీట నొక్కితే నాలుగు గంటలు గురగురమంటూ వణుకుతుంది. మూత తీసేసరికి తొడుగులు చింతపండుతో తోమిన చెంబుల్లా మెరుస్తాయి. వాటిని చిల్లుల గిన్నెలో పోసి జల్లిస్తే నూక కిందికి రాలుతుంది, ఇత్తడి పైన మిగులుతుంది. నూకతో పాటు ఉతికిన బట్టల్లో వేసే వాసన గుడ్డ ముక్కొకటి కూడా వేసేది లవాన్. అది తెల్లగా లోపలికి పోయి బొగ్గులా బయటికొచ్చేది. "చూడు, ఎంత మురికి లాగిందో!" అని ఆర్విడ్ ముక్కు దగ్గర ఆడించి మురిసిపోయేది.

నిప్పుబిళ్ళలో సీసం ఉంటుందని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసిన సంగతే కదా అని ఎవరూ దాని గురించి ఆలోచించరు. తూటా పేలినప్పుడు ఆ సీసమే మసిలో కలిసి తొడుగు లోపల అంటుకుంటుంది. తొడుగు మెరిసిందంటే మసి ఎక్కడికో పోయినట్టే. అది ఎక్కడికి పోయిందని లవాన్ ఎప్పుడూ అడగలేదు.

మొదట్లో యంత్రం బయట కార్ల షెడ్డులో ఉండేది. అక్కడంతా నూనె మరకలు, సాలెగూళ్ళు. "పందులు కూడా ఉండవు ఇక్కడ," అని తిట్టి లవానే దాన్ని ఇంట్లోకి తెప్పించింది. బట్టలుతికే చిన్నగదిలో, బట్టలారబెట్టే డ్రయ్యర్ మీద పెట్టించింది. అంత చలిదేశంలో వెచ్చగా ఉండే గది అదొక్కటే. షెడ్డులోనే వదిలేసి ఉంటే ఎంత బాగుండేదో! కానీ మురికిని చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు.

ఆ గదిలో పడుకునే పిల్లి పెప్పర్ ఒక వసంతంలో తిండి మానేసి, కాళ్ళు కొట్టుకుని చచ్చిపోయింది. పెద్దదైపోయిందనుకున్నారు. ఆర్విడ్ నోరంతా ఇనప రుచి అనేవాడు, కడుపు పట్టేసేది, ఊరికే కసురుకునేవాడు. ముసలాడైపోయాడనుకున్నారు.

తర్వాత మనవరాలు పుట్టింది.

కొడుకు కర్టిస్‌ది రైలు పట్టాల మీద పని, కోడలు కెల్సీది బ్యాంకులో. ఇద్దరూ పనిలోకి వెళ్తే మూణ్ణెల్ల పసిది బ్రిన్ నానమ్మ దగ్గర. ఆ పిల్ల ఏడుపు ఇంతా అంతా కాదు. ఊపినా, పాడినా, కారులో తిప్పినా ఊరుకునేది కాదు. ఒకరోజు లవాన్ విసిగిపోయి పిల్లని చంకనేసుకునే యంత్రం మీట నొక్కింది. గురగురమన్న చప్పుడుకి పిల్ల టక్కున ఏడుపాపి కళ్ళు పెద్దవి చేసింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

"ఏయ్ ముసలోడా, వచ్చి చూడు! నా ఇత్తడి జోలపాడుతోంది!" అంది లవాన్ గుసగుసగా.

"టాఫ్టుల రక్తం మరి. బొమ్మ తుపాకీ ఎప్పుడు కొనను?" అన్నాడు ఆర్విడ్.

ఆ రోజునుంచి పిల్ల బుట్ట ఆ గదిలోనే, డ్రయ్యర్ పక్కన నేల మీద. మధ్యాహ్నం కాగానే యంత్రం. తోమాల్సిన ఇత్తడి లేకపోతే తోమినదే మళ్ళీ వేసేది. పాకడం నేర్చాక బ్రిన్‌కి ఆ గదిలో దొరికే చిల్లుల గిన్నె ప్రాణమైపోయింది. దాన్ని డప్పులా వాయించేది, అంచు చప్పరించేది. లవాన్ అది చూసి నవ్వుకునేది. ఇంతకన్నా సుఖం ఎరగదు ఆవిడ, నిజంగానే ఎరగదు.

ఏడాది నిండాక ఆసుపత్రిలో వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీశారు. ఆ ఊళ్ళో పిల్లలందరికీ తీసేదే. అందులో సీసం లెక్క పదకొండు వచ్చింది. మూడున్నర దాటితేనే చూసుకోవాలని, ఇది మెదడు మీద పని చేస్తుందని, మాటలూ చదువూ దెబ్బతింటాయని, పోయింది మళ్ళీ రాదని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ ఇల్లు ఎప్పుడు కట్టిందని అడిగాడు.

కర్టిస్ వాళ్ళది అద్దె ఇల్లు, వందేళ్ళ నాటిది. కిటికీల రంగు పెచ్చులూడుతోంది. పాత రంగులో సీసం ఉంటుందని ఎవరికి తెలియదు? అందరి కళ్ళూ ఆ కిటికీల మీద పడ్డాయి. కర్టిస్ ఇంటాయనతో తన్నుకునేంత పని చేశాడు. కెల్సీ కళ్ళు వాచిపోయేలా ఏడ్చింది.

"నా దగ్గర వదిలెయ్యండి," అంది లవాన్. "పగలే కాదు, పూర్తిగా. ఆ కొంపలో రంగు గీకించేదాకా పిల్లని అక్కడ అడుగు పెట్టనివ్వకండి. నా ఇల్లు చూశారుగా. వేలు పెట్టి రాసి చూడండి ఎక్కడైనా, దుమ్ముంటే నన్నడగండి."

"మీరుండబట్టి సరిపోయింది నానమ్మా," అని కెల్సీ ఆవిడ భుజం మీద తల వాల్చింది. బిడ్డ పుట్టాక అత్తగారిని పేరు పెట్టి పిలవడం మానేసింది ఆ పిల్ల.

అలా బ్రిన్ బట్టలూ, పరుపూ, బొమ్మలూ అన్నీ ఆ ఇంటికి చేరాయి.

రెండు నెలలు గడిచాయి. పిల్ల చిక్కింది. అన్నం ముందు పెడితే తల తిప్పేసేది. బంతిని చూసి "బా" అనేది, అది మానేసింది. కారణం లేకుండా వంకర్లు తిరిగి ఏడ్చేది. ఏడుపు ఎక్కువైతే లవాన్ యంత్రం ఎక్కువసేపు వేసేది. ఇల్లు రోజుకి రెండుసార్లు ఊడ్చేది. ఎంత ఊడిస్తే అంత దుమ్ము లేచేదని, అది పిల్ల పాకే తివాచీ మీదే మళ్ళీ దిగేదని ఎవరు చెప్పాలి?

రెండోసారి రక్తం తీస్తే పంతొమ్మిది.

"ఎలా పెరుగుతుంది?" అన్నాడు కర్టిస్. "ఆ ఇంటి గడపే తొక్కలేదు కదా పిల్ల!"

"లోపల ఉన్నదే ఇప్పుడు బయటపడుతోందేమో," అంది లవాన్.

కెల్సీ వంటింట్లో గట్టునీ, అల్మరానీ, నేలనీ ఒక్కొక్కటే చూసింది. లవాన్‌కి ఒళ్ళు మండింది. నా ఇంటినా అనుమానిస్తున్నావు అని నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఆ సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని చీపురు పోని మూలలు కూడా గీకి ఊడ్చింది.

మూడోసారి నలభై ఎనిమిది. ఈసారి జిల్లా ఆరోగ్య శాఖ నర్సు ఇంటికే వస్తానంది.

వచ్చింది ఎవరో కాదు, మార్వా. బళ్ళో లవాన్ చేతి రొట్టె రెండోది కూడా అడిగి తినే పిల్ల, ఇప్పుడు నడుం మీద చెయ్యేసుకుని నడిచే పెద్ద మనిషి. చేతిలో చిన్న పెట్టె. దాన్నిండా సిగరెట్టంత పుల్లలు. దేనికైనా రాస్తే, సీసం ఉంటే కొస ఎర్రబడుతుంది.

"మిమ్మల్ని అనుమానించి కాదు మిసెస్ టాఫ్ట్," అంది మార్వా. "రాసుకోవాలి కాబట్టి రాస్తాను. మీ ఇంట్లోనే దొరికితే ఇంక ఈ ఊళ్ళో అందరిళ్ళలోనూ దొరికినట్టే."

"రాయవే తల్లీ, ఎక్కడ కావాలంటే అక్కడ రాయి. నువ్వు కాఫీ తాగి పోయేదాకా నేనూ చూస్తాను."

కిటికీ చట్రానికి రాసిన పుల్ల తెల్లగానే ఉంది. తలుపు, కుళాయి, బొమ్మలు, అన్నింటికీ తెల్లనే. కెల్సీ బల్ల దగ్గర పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, కర్టిస్ గోడకానుకుని నిలబడ్డాడు. పుల్ల తెల్లగా వచ్చినప్పుడల్లా లవాన్ గడ్డం కొంచెం పైకి లేచేది. వంటింటి గుమ్మం దగ్గర తివాచీ మీద రాస్తే మాత్రం కొస కొంచెం గులాబీరంగైంది. మార్వా దాన్ని వెలుతురుకి పట్టి, కనుబొమలు ముడిచి, పక్కన పెట్టింది.

ఇంతలో బ్రిన్ ఏడుపందుకుంది. నిద్ర టైము. కెల్సీ ఊపింది, లేచి తిప్పింది. పిల్ల వెనక్కి విరుచుకుపడుతోంది.

"ఇలా తే. నీకు తెలీదు దాని కిటుకు," అంది లవాన్. పిల్లని భుజాన వేసుకుని చిన్నగదిలోకి పోయి, రోజూ చేసినట్టే మీట నొక్కింది.

గురగురగుర.

పిల్ల ఊరుకుంది. వంటింట్లోంచి చూస్తే లవాన్ వీపు, ఆ భుజం మీద వాలిన చిన్న తల కనిపిస్తున్నాయి. మార్వా కాఫీ కప్పు కింద పెట్టింది.

"మిసెస్ టాఫ్ట్, అదేం చప్పుడు?"

"ఇదా? ఆర్విడ్ ఇత్తడి. దీనికి ఇది లేనిదే నిద్ర పట్టదు. పుట్టిన మూడో నెల్నించీ ఇదే జోల." పిల్లని బుట్టలో పడుకోబెట్టి, గొప్పగా, మెరుపు చూపిద్దామని మూత తీసింది. యంత్రం ఇంకా వణుకుతూనే ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో సన్నటి పొగలాంటిది లేచి, నెమ్మదిగా కిందికి దిగింది. బుట్ట మీదికి దిగింది.

"మూత పెట్టండి," అంది మార్వా. "పెట్టి, ఆపండి. పిల్లని తియ్యండి అక్కణ్ణించి. కెల్సీ, నువ్వు తియ్యి."

డ్రయ్యర్ మీద రాసిన పుల్ల చూస్తుండగానే ఎర్రబడింది. చిల్లుల గిన్నె అంచు అలాగే అయింది. పిల్ల దుప్పటి, ప్రతి రెండు రోజులకీ ఆ గదిలోనే ఉతికి, ఆ డ్రయ్యర్ మీదే మడతపెట్టిన దుప్పటి, అన్నింటికంటే ఎర్రగా తేలింది. లవాన్ తన చెయ్యి చాపింది. అడగకుండానే చాపింది.

"నాకూ రాయవే."

"వద్దులెండి మిసెస్ టాఫ్ట్."

"రాయమన్నానా?"

మార్వా ఆ అరచేతిలో, ఇరవై ఏడేళ్ళు డేకిసాలు తోమిన గీతల మధ్య పుల్ల రాసింది. కొస నెత్తురు చుక్కలా అయింది. లవాన్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. పొద్దున్న ఈ చేత్తోనే పిల్లకి అరటిపండు చిదిమి పెట్టింది.

కెల్సీ గుమ్మందాకా పోయి వెనక్కి తిరిగింది. పిల్ల గొంతు చించుకుని ఏడుస్తోంది.

"దుమ్ముంటే నన్నడగండి అన్నారు కదా లవాన్," అంది. "అడుగుతున్నాను."

కర్టిస్ తల్లి వైపు చూడకుండా కారు తీశాడు.

బ్రిన్‌ని పెద్ద ఊరి ఆసుపత్రిలో పెట్టి, రక్తంలో సీసాన్ని లాగే మందు మొదలుపెట్టారు. తర్వాత కెల్సీ వాళ్ళమ్మ ఇంటికి తీసుకెళ్తారట. అంకె దిగుతుంది, దిగేలా చేస్తాం అన్నాడు డాక్టరు. లోపల ఎంత పోయిందో మాత్రం ఇప్పుడు చెప్పలేం, పిల్ల బడికి వెళ్ళేనాటికి గానీ తెలియదు అన్నాడు. ఈ మాటలన్నీ కర్టిస్ ఫోన్‌లో తండ్రికి చెప్పాడు. తల్లిని పిలవమనలేదు.

ఆర్విడ్ యంత్రాన్ని గోనెలో చుట్టి షెడ్డులోకి మోసుకుపోయాడు. తర్వాత నూక సంచులూ, తివాచీలూ, చిల్లుల గిన్నే పోయాయి. ఇల్లు బోసిపోయింది. లవాన్ చీపురు ముట్టుకోలేదు. గట్టు మీద రొట్టె పొడి పడితే అలాగే ఉండనిచ్చింది. అంతా నిశ్శబ్దంగా ఉండేది, ఆ నిశ్శబ్దం ఆవిడకి భరించరానిదయ్యేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల మాట లేదు, ఏడుపొక్కటే. ఆ ఏడుపు లవాన్‌కి తెలుసు.

"మూడు రోజులైంది, కళ్ళు మూయలేదు," అంది కెల్సీ. "మందు కక్కేస్తోంది. నర్సులు కూడా ఓడిపోయారు. ఎవరివల్లా కావట్లేదు." "మీతో మాట్లాడదామని కాదు ఈ ఫోను. దాని కోసం. నాకు ఆ చప్పుడు చెయ్యడం రాదు."

లవాన్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, పెదాలు మూసి, గొంతు అడుగునుంచి మొదలుపెట్టింది. గురగురగుర. పళ్ళు వణుకుతున్నాయి, చెంపల మీంచి నీళ్ళు కారి మెడలోకి పోతున్నాయి, ఊపిరి అందనప్పుడు మాత్రం ఆగి మళ్ళీ అందుకుంటోంది.

అవతల ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. తర్వాత వెక్కిళ్ళు కూడా ఆగాయి.

పడుకుందో, ఫోన్ పెట్టేశారో తెలియలేదు. అడగాలంటే ఆపాలి. ఆర్విడ్ గుమ్మంలోకొచ్చి నిలబడి చూశాడు, మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. లవాన్ ఆ మధ్యాహ్నమంతా ఆపలేదు.