నూతి ఈతతో గోస్తనీ దాటిన రోజు

మా చిన్నప్పుడు... భీమిలి దగ్గర గోస్తనీ ఒడ్డున మూడు వేసవులు నేను టిఫిన్ క్యారియర్లకి కాపలా కాశాను. నవ్వకండి. మగపిల్లలంతా ఏరు ఈది అవతలి ఒడ్డున కేకలు పెడుతుంటే, మేం ఆడపిల్లలం సరుగుడు చెట్ల నీడలో కూర్చుని కాకుల్ని తోలేవాళ్లం.

డెబ్భైల చివరి మాట ఇది. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. ఏటా ఎండాకాలం సెలవుల్లో మా చర్చి సండే స్కూలు పిల్లల్ని సుగుణమ్మ టీచరుగారు ఒకరోజు భీమిలి తీసుకెళ్లేవారు. అక్కడ మాకు అన్నీ తిప్పి చూపించేది అప్పన్న తాత. సముద్రం మీద వేటకి వెళ్లే మనిషి. పొద్దున్నే కొండ ఎక్కించి ఏ పండు తినొచ్చో, ఏ పొద ముట్టుకోకూడదో చెప్పేవాడు. తర్వాత వాళ్ల పేటకి తీసుకెళ్లి వల లాగించేవాడు. ఆఖర్న ఏట్లో ఈత. ఏరు దాటినవాళ్లు తాత తెప్ప మీద తిరిగొచ్చేవాళ్లు... ఆ తెప్ప ఎక్కాలని నాకు ప్రాణం లాగేసేది.

నాలుగో ఏడు ఇక ఊరుకోలేదు. నాకూ ఈత వచ్చు కదా. పద్మనాభం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, నడుముకి ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి, నూతిలోకి దించి మా మావయ్య నేర్పించాడు. కొండ దిగుతున్నప్పుడు ఆ సంగతి టీచరుగారికి చెప్పి, నేనూ ఏరు ఈదుతానన్నాను. మా మేనత్త కొడుకు డేవిడ్ బావ పక్కనే ఉన్నాడు. వాడి నోరు ఊరుకుంటుందా...

"నూతిలో కప్పకి ఏరెందుకే? నువ్వెళ్లి కేరియర్లు సూసుకో."

నాకు ఒళ్లు మండిపోయింది. టీచరుగారు ససేమిరా అన్నారు. నేను దారి పొడుగునా ఆవిడ చీర కొంగు వదలకుండా సతాయించాను. తన మనవరాలు కూడా ఆ ఏట్లోనే ఈదుతుందని, తను తెప్ప వేసుకుని కాపలాగా ఉంటానని తాత కూడా ఒక మాట వేశాడు. చివరికి ఆవిడ ఒక షరతు మీద ఒప్పుకున్నారు. నేను అవతలి ఒడ్డు చేరితే వచ్చే ఏడు నుంచి ఆడపిల్లలందరూ ఈదొచ్చు. మధ్యలో తెప్ప పట్టుకున్నానా, ఇక ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదు.

ఎనిమిది మంది ఆడపిల్లలు నా మొహం వైపే చూశారు. అన్న మాట వెనక్కి తీసుకునే రకాన్ని కాదు, అప్పుడూ ఇప్పుడూ.

ఆ రోజు పేటలో బాగా ఆలస్యమైంది. తాడు మీద చెయ్యి వేశాక వల ఒడ్డుకి చేరేదాకా వదలకూడదని అక్కడ కట్టుబాటు. చెయ్యి వేసిన ప్రతివాళ్లకీ, చిన్నపిల్లలకైనా సరే, చేపల్లో వాటా ఉంటుంది. వల బరువుగా పడింది. అరచేతులు కందిపోయేదాకా లాగాం. మా వాటాకొచ్చిన కవళ్ల చేపలు బుట్టలో వేసుకుని ఏటి దగ్గరికి వెళ్లేసరికి పోటు పోయి ఆటు మొదలైంది. నీళ్లు కుడివైపుకి, సముద్రంలోకి లాగేస్తున్నాయి.

తాత అందర్నీ నిలబెట్టి, అవతలి ఒడ్డున ఎడమవైపు దూరంగా ఉన్న తాడిచెట్టు చూపించాడు.

"ఎదురుగా సూసి ఈదకండి. ఆ తాడిసెట్టు కేసి ఈదండి. మిమ్మల్ని ఎదురొడ్డుకి నీరే సేరుస్తాది."

మగపిల్లలు వింటేగా... ఏటా ఈదే ఏరే కదా అని దూకేశారు. నేను విన్నాను. కానీ గౌను కుచ్చిళ్లు బిగించి నీళ్లలో పడ్డాక తాడిచెట్టు ఎక్కడుందో, నేనెక్కడున్నానో తెలిస్తే ఒట్టు. కళ్లనిండా ఉప్పునీళ్లు. నూతిలో అయితే నాలుగు బారలు వేస్తే గోడ తగులుతుంది, పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు. అలవాటుగా గోడ కోసం చెయ్యి చాపాను... ఏమీ తగల్లేదు. తెప్ప దగ్గర్లోనే ఉంది. ఒక్కసారి పట్టుకుంటే చాలనిపించింది. ఒడ్డున కూర్చున్న ఆ ఎనిమిది మంది గుర్తొచ్చారు. కళ్లు మూసుకుని ఈదుతూనే ఉన్నాను.

మోకాళ్లకి ఇసక తగిలింది.

లేచి చూసుకుంటే సరిగ్గా ఎదురొడ్డున ఉన్నాను. డేవిడ్ బావా, మిగతా వీరులూ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసకమేట దాకా కొట్టుకుపోయి, కాలే ఇసకలో గెంతుకుంటూ నడిచొస్తున్నారు. ఇవతల ఆడపిల్లలు క్యారియర్ మూతలు తీసి వాయించేశారు. నా జీవితంలో తర్వాత చాలా చప్పట్లు విన్నాను గానీ, ఆ మూతల మోతకి ఏదీ సాటిరాలేదు. పెద్దలు చెప్పింది వింటే ఇలా ఉంటుందని టీచరుగారు మగపిల్లలకి ఆ సాయంత్రమంతా పాఠం చెప్పారు.

ఇన్నేళ్ల తర్వాత నిజం చెబుతున్నాను. నేను తాడిచెట్టు కేసి ఈదలేదు. నూతిలో ఎప్పుడూ కుడిచేతికి గోడ అందేలా, ఎడమకి తిరుగుతూ గుండ్రంగా ఈదేదాన్ని. నాకు ఈత అంటే అదే. ఏట్లోనూ తెలియకుండా ఎడమకే తిరిగాను. నేను ఎడమకి, నీళ్లు కుడికి... ఇద్దరం కలిసి తిన్నగా వెళ్లాం.

అప్పన్న తాత ఒక్కడే కనిపెట్టాడు. తెప్ప మీద నన్ను ముందు కూర్చోబెట్టి, వంగి మెల్లగా అడిగాడు.

"ఏ ఊరి నుయ్యమ్మా అది?"

చెప్పాను. తెడ్డు వేస్తూ తనలో తనే నవ్వుకున్నాడు. ఒడ్డుకి చేరాక ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

మరుసటి ఏడు ఆ ఎనిమిది మందీ ఏరు దాటారు. కళ్లు తెరుచుకుని, చూడాల్సిన వైపు చూస్తూ, నాకన్నా చక్కగా...

ఇప్పుడు భీమిలికి టూర్లంటే ఏసీ బస్సు, లైఫ్ జాకెట్టు, ఫోటోలు. పిల్లలు భద్రంగా వెళ్లి భద్రంగా వస్తున్నారు, సంతోషమే. ఏదో పోగొట్టుకున్నామని నాకు అనిపిస్తుంది, వాళ్లకి అనిపించదు.

మరి మిమ్మల్ని ఏ ఒడ్డున కూర్చోబెట్టారు? ఎప్పుడు లేచి నీళ్లలోకి దిగారు? రాయండి... చదవాలని ఉంది.