గొర్రెపిల్ల టికెట్టు

కళ్లు పోయినప్పటి నుంచి నన్ను నడిపిస్తున్నది మా మంద కుక్క. నడిపించడమన్నది మర్యాదకు, నిజానికి తోలుతుంది. వెనకబడిన గొర్రెను తోలినట్టే, నా పిక్కకు మూతి ఆనించి ఒకటే తోపు. గుంత వస్తే ముందుకొచ్చి అడ్డం నిలబడుతుంది. దాని లెక్కలో నేను గొర్రెనే. మా ఆవిడ లెక్కలోనూ అంతే కనుక నాకు కొత్తేం లేదు.

నా దిగులంతా తాండూరు గురించే. బస్టాండు వెనకే మా బిడ్డ ఇల్లు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒక్కసారైనా ఆ గడప తొక్కాలని నా పంతం. బస్సులోనేమో కుక్కను ఎక్కనివ్వరు.

వికారాబాద్‌లో దివ్యాంగులకు తోడుండే జంతువుల మీద సభ అంటే, కుక్కకు బస్సు పాసు అడుగుదామని పొరుగాయన ఆటోలో పోయాను. గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపాడు.

"కుక్కను లోపలికి తీస్కపోవద్దు పెద్దమనిషీ."

"సభ గీ కుక్కల గురించే గదనే!"

"కుక్కల గురించే. కుక్కలకు కాదు."

దాన్ని గేటుకు కట్టేసి వెళ్లాను. వేదిక మీద సారు గొంతు గద్గదమైంది: "మూగజీవాలే మన దివ్యాంగ సోదరుల కళ్లు!" చప్పట్లే చప్పట్లు. నా కళ్లు బయట ఎండలో మొరుగుతున్నాయి.

లేచి పాసు అడిగాను.

"దానికి ట్రైనింగ్ ఎవరిచ్చారు?"

"మా గొర్రెలిచ్చినయి సార్."

"ఊరకుక్కలు ఈ స్కీములోకి రావండీ," అని నవ్వి, నాతో ఫోటో దిగి పంపించాడు. ఒళ్లు మండి, గేటు దగ్గర కుక్కను విప్పుకుని బస్టాండుకు నడిచాను.

మా గొల్లోళ్లు గొర్రెపిల్లను గొంగడిలో చుట్టుకుని బస్సెక్కడం ఈ దారిలో మామూలే. భుజం మీది గొంగడి దులిపి కుక్కను చుట్టాను. ఒళ్లో పెట్టుకుని తాండూరు బస్సులో కూర్చున్నాను. కండక్టరమ్మ వచ్చింది.

"ఏంది తాతా గొంగట్ల?"

"గొర్రెపిల్ల బిడ్డా."

తోక నా మోచేతిని టపటపా కొడుతూనే ఉంది, పాడు తోక! అంతలో టికెట్టు మిషన్ కిర్రుమంది.

"గొర్రెపిల్లకు సుత టికెట్టు కొట్టిన. జర మొరగకుంట చూస్కో."

తాండూరులో దిగగానే పిక్కకు మూతి ఆనింది. బిడ్డ చేతి ముద్దలు తిని పెరిగిన కుక్క. ఆమె వాసన పట్టడం దానికి చెప్పాలా? కాలికి గడప తగిలింది.

"నాయనా! ఎవలు తీస్కొచ్చిండ్రే నిన్ను?" బిడ్డ పరుగెత్తుకొచ్చింది.

"ఎవ్వలు లేరు బిడ్డా. నేనే వచ్చిన." అంటుంటే ఏడుపొచ్చింది.

నా వెనక గొర్రెపిల్ల మొరిగింది.