బోణీకి ముందు ముద్ద

మా అత్త పోయిందన్న కబురు ఫిషింగ్ హార్బర్‌కి చేరేసరికి అక్కడ చేపల వేలం నడుస్తోందట. వేలం వేసేవాడు పాట ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, కాసేపు తల దించుకు నిలబడ్డాడట. మా వీధిలో ఒకామె ఆ సంగతి గొప్పగా నాతో చెప్పబోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి తువ్వాలు ఎవరికి కావాలి? మా అత్త ఇన్నేళ్ళూ వాడి నోటి నుంచి ఒక్క మాట కోసం చూసింది. ఆ మాట అనకుండా తువ్వాలు తీస్తే సరిపోతుందా?

అత్త నిద్రలోనే పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ముందురోజు కూడా హార్బర్‌కి వెళ్ళి, చేపలు పాడుకుని, వన్ టౌన్ సందులన్నీ తిరిగి అమ్మి, తట్ట కడిగి బోర్లించి పడుకున్న మనిషి. సుగరు జబ్బు చేతిలో మాత్రం పోలేదు. ఈ మాట నేను అందరికీ చెబుతున్నాను, మీకూ చెబుతున్నాను. ఆవిడ బతికుంటే ముందు ఇదే చెప్పమనేది.

నేను ఆవిడ కోడలిని. కాపురానికి వచ్చేనాటికే ఆవిడకి సుగరు ఉంది. ఇంట్లో పదో తరగతి దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి గాజు సిరంజి మరిగించి, గీతలు చూసి మందు ఎక్కించి, పొద్దున్నే సూది వేసే పని నాకు వచ్చింది. సూది దిగుతుంటే ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వేది. "అత్తని పొడిసే బాగ్గెం ఏ కోడలికి దొరుకుద్దే?" అనేది.

అంతా బాగానే ఉంది గాని, బోణీ దగ్గరే వచ్చింది చిక్కు. మొదటి చేప అమ్ముడుపోకుండా పచ్చి మంచినీళ్ళు తప్ప ఇంకేదీ నోట్లో వేసుకోదు. వాళ్ళమ్మ నుంచి వచ్చిన పట్టింపు. సూది ఇంట్లో వేయించుకుని, చీకటితోనే వెళ్ళిపోయేది. బోట్లు వేళకి వస్తే వేలం వేళకి, బోణీ వేళకి, తిండి వేళకి. ఏ గొడవా ఉండేది కాదు.

హార్బర్ ఇంకా కొత్త వాసన పోని రోజులవి. ఒకరోజు గాలి తిరిగి బోట్లు బాగా ఆలస్యమయ్యాయి. నేను చద్దన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి వేలం గట్టు మీద జనం మూగి ఉన్నారు. మిరపకాయల పొగ ఘాటుకి అందరూ దగ్గుతున్నారు. మధ్యలో మా అత్త. ఒళ్ళంతా చెమట, జుట్టు విడిపోయింది, నాలుక మడతపడి ఏదేదో అంటోంది. వేలం వేసేవాడు ఆవిడ జుట్టు పట్టుకుని వేపమండతో కొడుతున్నాడు.

"ఎవుర్తివే నువ్వు? పేరు సెప్పు! ఎందుకు పట్టుకున్నావు దీన్ని?"

మామూలు రోజుల్లో ఆ మనిషికి మా అత్తంటే పడదు. పాట పూర్తి కాకుండానే మంచి చేపల కుప్పలు తనవాళ్ళ పేర పాట కొట్టేసేవాడు. ఆవిడ ఒక్కతే నిలబడి నలుగురిలో అడిగేసేది. అందుకే వాడి చేతిలో ఆ మండ అంత హుషారుగా ఆడింది. ఇది నా అనుమానం కాదు. వాడి మొహం నేను దగ్గర్నుంచి చూశాను.

"ఒగ్గండి! దెయ్యం కాదు, సుగరు పడిపోనాది! పంచదార తెండి!" అని నేను అరుస్తుంటే వాడు నవ్వాడు. "దీనికీ పట్టినట్టుందిరా" అన్నాడు. జనం కూడా నవ్వారు. నేనే టీ కొట్టుకి పరిగెత్తి గుప్పెడు పంచదార లాక్కొచ్చి, తడి వేలితో ఆవిడ దవడ లోపల కొంచెం కొంచెంగా రాశాను. కొంతసేపటికి మనిషి కళ్ళల్లోకి మనిషి వచ్చింది. చేతుల మీద వాతలు చూసుకుంది.

"ఎవుడే కొట్టినాడు?"

చూపించాను.

"సరే. గుర్తెట్టుకుంతాను" అంది.

మర్నాటి నుంచి ఆవిడకి హార్బర్‌లో పాట లేదు. దెయ్యం పట్టిన మనిషి చేతికి చేపలిస్తే వలలు ఖాళీగా వస్తాయని వాడు బోట్లవాళ్ళ చెవుల్లో ఊదాడు. సముద్రం మీద బతికేవాళ్ళకి ఆ భయం చాలు. వేలంలో చోటు పోతే మా అత్తకి ఏమీ మిగలదు. కొడుకుని పెంచింది ఆ గట్టు మీద నిలబడే. అక్కడికి మళ్ళీ వెళ్ళాలంటే మాత్రం అందరి ముందూ ఇంకోసారి పడిపోకూడదు. పడితే వాడి మాటే నిజమైపోతుంది.

ఒళ్ళు చూస్తే మాట వినడం లేదు. మేమంతా భయపడిపోయి ఉన్నాం. ఆవలిస్తే పంచదార, కాస్త చెమట పడితే అరటిపండు. దాంతో సుగరు పైకి ఎగిరేది. అప్పట్లో ఇంట్లో చూసుకోవడానికి నీలి మందు ఒక్కటే ఉండేది. గాజు గొట్టంలో ఆ మందు పోసి, ఉచ్చ నాలుగు చుక్కలు వేసి స్టవ్ మీద మరిగిస్తే, నీలంగానే ఉంటే మంచిది, ఇటుక రంగుకి తిరిగితే సుగరు బాగా ఉన్నట్టు. రోజూ ఇటుక రంగే. వేలం వేసేవాణ్ణి తలుచుకుని అత్త దానికి "ఆడి మొకం" అని పేరు పెట్టింది.

"ఏటే, ఈయేళ ఏటొచ్చినాది?"

"ఆడి మొకమే అత్తా."

"తగలెట్టు" అనేది.

ఇంకో తెలివి కూడా చేసింది. మందు సీసా చల్లగా ఉంచమన్నారని మేం తడి ఇసుక కుండలో పెట్టేవాళ్ళం. "సేపని ఏది కాపాడుద్దో మందునీ అదే కాపాడుద్ది. ఐసు కంటే సల్లంది ఏటుందే?" అని చేపల ఐసులో పాతిపెట్టింది. మందు గడ్డకట్టి, కరిగి, పనికిరాకుండా పోయింది. చూడ్డానికి ఏ తేడా లేదు. గొట్టం మాత్రం ఇంకా ఎర్రగా వస్తోంది. ఎరుపు తగ్గాలంటే సూది పెంచాలి కదా అని ఇంటిల్లిపాదీ తీర్మానించి పెంచుకుంటూ పోయాం. ఆ సీసా అయిపోయి కొత్తది వచ్చింది. ఐసు ఇంకా తగలని ఆ మందుని పెంచిన లెక్కనే వేశాం. ఈసారి అత్త వంటింట్లో, పొయ్యి పక్కనే పడిపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు అంతా విని తల పట్టుకున్నాడు. సూది బాగా తగ్గించాడు. "అంతలా పడిపోయాక ఒళ్ళు కొన్నాళ్ళు మునుపటిలా హెచ్చరించదమ్మా, చెమట పట్టకుండానే పడిపోవచ్చు. అందుకని కొన్నాళ్ళు సుగరు కాస్త ఎక్కువే ఉండనీండి. ఎర్రగా కనబడిందని మీరే సూది పెంచకండి. పడిపోతున్నట్టుంటే కొంచెం పంచదార వేసి, కాసేపు ఆగి చూసి, అప్పుడు అన్నం పెట్టండి. సూది వేశాక తిండి మాత్రం ఆలస్యం కాకూడదు" అన్నాడు.

"బోణీ అవకుండా ఎలాగ తింతాను బాబూ?" అంది అత్త.

"బోణీ కావాలా, బతుకు కావాలా?" అన్నాడాయన.

అత్త బస్సు దిగి తిన్నగా ఇంటికి నడిచింది. ఇంటి గుమ్మం దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుంది. "ఒలే, నాను సచ్చిపోతే ఆడే గెలుత్తాడు గదే" అంది. గుమ్మం దాటుతూ, "రేపట్నుంచి తొలి బోణీ నా నోటికే" అంది.

మందు మీద నమ్మకంతోనో, ప్రాణం మీద తీపితోనో పథ్యం చేసినవాళ్ళని చూశాను. పగతో పథ్యం చేసింది మా అత్త ఒక్కతే. వేళకి సూది, వేళకి ముద్ద. ఒళ్ళు తేలిపోతున్నట్టుంటే చెంగు ముడి విప్పి పంచదార చప్పరించి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేది. ఆత్రపడి ఇంకో గుప్పెడు వేసుకునేది కాదు. "ఆగు. ఆగాల. తొందరపడితే ఆడి మొకం వొత్తాది" అని తనకి తనే చెప్పుకునేది. ఒకరోజు గొట్టం ఆకుపచ్చ, ఇంకోరోజు పసుపు, మళ్ళీ ఎరుపు. ఎరుపొచ్చిన రోజు తిట్టుకునేది, ఏడ్చేది కూడా. మర్నాడు మళ్ళీ లేచి చెయ్యి చాపేది. నెమ్మదిగా ఎగుడుదిగుళ్ళు సద్దుకున్నాయి.

నీలం రంగు వరసగా నిలిచాక, ఒక పొద్దున్న తట్ట తీసింది. "క్యారేజీ నాతోనే ఇయ్యి. నువ్వూ రా" అంది.

వేలం మొదలవబోతోంది. అత్త తిన్నగా వెళ్ళి, వాడి ఎదురుగా తట్ట బోర్లించి దాని మీద కూర్చుని, క్యారేజీ విప్పింది. బోణీ కాకుండా తింటోందని పక్కన ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. తాపీగా నమిలింది. వాడి మొహంలోంచి చూపు తియ్యకుండా నమిలింది. చెయ్యి కడుక్కుని లేచింది.

"నాకు పట్టింది దెయ్యమా, రోగమా? నలుగుర్లోనూ సెప్పు."

"పాట ఏలైపోనాది. అడ్డు లెగు" అన్నాడు వాడు.

"లెగుత్తాను. పాడతాను కూడా. రేపూ ఒత్తాను."

ఆ రోజు వంజరం చేపల కుప్ప పాడింది. బోట్లవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి బోటు నడిపే ఒక ముసలి సరంగు "ఇయ్యండిరా, మంచి మనిసే గదా" అన్నాడు. ఆ బోటుకి మర్నాడు వల నిండింది. ఆ తర్వాత ఇంకెవరూ ఆవిడకి చేపలివ్వడానికి భయపడలేదు.

అప్పట్నుంచి రోజూ అదే. వాడి ఎదురుగా ముద్ద తినడం, "సెప్పు" అనడం, వాడు చూపు తిప్పుకోవడం. ఒకసారి నేను విసిగిపోయి, "పోనీ అత్తా, ఒగ్గీ. నీ సోటు నీకొచ్చినాది గదా" అన్నాను. "సోటు నాను తెచ్చుకున్నాను. ఆడు తీసింది ఆడే ఇయ్యాల" అంది. ఆ మాట వినకుండానే పోయింది.

పెద్దకర్మ నాడు వాడు మా గుమ్మంలోకి వచ్చాడు. ముసలివాడయ్యాడు. పందిట్లో హార్బర్ ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు.

"మంచి మనిసి. ఎవురితోటీ గొడవ లేదు" అన్నాడు.

"ఉంది. నీతోనే ఉంది" అన్నాను. వాడికి కుర్చీ వెయ్యబోతున్న మా ఆయన అక్కడే ఆగిపోయాడు. "ఆవిడకి పట్టింది ఏటో సెప్పి లోనకి రా. లేపోతే అట్నుంచటే ఎల్లు."

వాడు పందిట్లోకి చూశాడు. ఒక్కరూ అడ్డు రాలేదు.

"దెయ్యం కాదు" అన్నాడు నేల చూస్తూ.

"గట్టిగా. మరేటి?"

"సుగరు" అన్నాడు. "సుగరమ్మా. నానే కొట్టినాను."

విస్తరి వేశాను. తినలేకపోయాడు. నాకు జాలి కలగలేదు, కలిగిందని అబద్ధం చెప్పను. అత్త వినాల్సిన మాట నేను విన్నాను, అంతే. అందుకు వాడి మీద ఇంకా కోపంగానే ఉంది.

ఆవిడ పోయిన రోజు ఆఖరి స్నానం చేయించేటప్పుడు చెంగున పంచదార ముడి దొరికింది. దాన్ని దాచుకున్నాను. మొన్న తెల్లవారకుండా ఆవిడ తట్ట తీసుకుని హార్బర్‌కి వెళ్ళాను. వాడి ఎదురుగా బోర్లించి, కూర్చుని, క్యారేజీ విప్పాను. నాకు సుగరు లేదు, ఆకలి కూడా లేదు. వాడు పాట మొదలుపెట్టడానికి చెయ్యెత్తి నన్ను చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బోట్లవాళ్ళూ, ఐసు కొట్టేవాళ్ళూ, తట్టలతో ఆడవాళ్ళూ అందరూ నిలబడి ఉన్నారు. నేను ఆవిడలాగే తాపీగా, ముద్ద తర్వాత ముద్ద నములుతూ కూర్చున్నాను.