నాయన మానేసిన పాట

మొన్న వేలూరులో కలెక్టరాఫీసు ముందు, వీధులు ఊడ్చే ఆడవాళ్ళు ధర్నాకు కూర్చుని డప్పు కొడుతూ పాడుతున్నారు. ఆ పాట చెవిన పడగానే నాకు ఆకలేసింది. అప్పుడే కడుపునిండా తిని వచ్చాను, అయినా వేసింది.

మాది గుడియాత్తంలో లుంగీలు నేసే ఇల్లు. నా చిన్నప్పుడు కూలి పెంచమని నేతగాళ్ళంతా మగ్గాలు ఆపేశారు. సాయంత్రమైతే మా వాకిట్లో చేరేవాళ్ళు. నాయన ఎత్తుకుంటే అందరూ ఆ పాటే అందుకునేవాళ్ళు. పాట వచ్చిన నాటి నుంచి మగ్గం చప్పుడు లేదు, పొయ్యిలో మంట లేదు. నూలుకు పెట్టే గంజి వాసన కూడా ఇంట్లోంచి పోయింది. అన్నిటినీ ఆ పాటే తినేస్తోందనుకున్నాను.

ఒకరోజు అందరి ముందూ నాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"పాడొద్దు నాయనా. నువ్వు పాడితే మనింట్లో అన్నం ఉడకదు."

వాకిట్లో వాళ్ళంతా నావైపు తిరిగారు. "బిడ్డకి ఆకలైతాండాది, అంతే. దాన్నేమీ అనొద్దయ్యా" అంది అమ్మ.

నాయన నా చెయ్యి తీయలేదు. ఆ చేతి కిందే, "సరే కన్నా, ఇంక పాడన్లే" అన్నాడు.

ఆ వారమే పాత కూలికే మగ్గాలు మళ్ళీ ఆడాయి. ఇంట్లో అన్నం ఉడికింది. నేను చెప్పిందే నిజమైందని మురిసిపోయాను.

నాయన పోయేదాకా మాట తప్పలేదు. పెదవి కదపకుండా, తల వంచుకుని నేసేవాడు. ఆ మగ్గం చప్పుడు వింటూనే నేను పెరిగాను.

మొన్న ఆ ఆడవాళ్ళు పాట ఆపినా డప్పు మాత్రం కాసేపు మోగింది. అది అచ్చం మా నాయన మగ్గం తొక్కిన తాళం.