ఇల్లు విడువని పాత్రలు

భయం గొలిపే ఇళ్ల చుట్టూ అల్లిన మిస్టరీ నవలలను నేను పెన్సిలు పట్టుకొని చదువుతాను. ముప్పై ఏళ్లకు పైగా టెక్కలిలో ఒక కార్యాలయంలో రికార్డులు సరిచూసినవాడిని. పన్నెండో పేజీలో పద్నాలుగేళ్లుగా మూతపడి ఉన్న మేడ తొంభయ్యో పేజీకి పదకొండేళ్లుగా మూతపడినదైతే, ఆ రెండు అంకెల కిందా గీత గీస్తాను. తలుపు దానంతటదే మూసుకోవడం, అద్దంలో మరెవరో కనిపించడం నన్ను కదిలించవు. తలుపు ఎన్నింటికి మూసుకుంది, అప్పుడు ఎవరు ఏ గదిలో ఉన్నారు అన్నదే నాకు కావాలి. చివరి అధ్యాయంలో ఇల్లు నిర్దోషి అని తేలాలి; దోషి మనిషై ఉండాలి. ఇదే నా అభిప్రాయంగా ఉండేది. ఇప్పుడు దాని మీద నాకు గౌరవం లేదు.

రెండేళ్లుగా ఈ నవలలను మా తమ్ముడి కోసం పైకి చదువుతున్నాను. అతనిది జలంత్రకోట, కొంచెం కొబ్బరి, కొంచెం జీడితోట. కిడ్నీలు రెండూ పోయాయి. మంగళ, శుక్రవారాల్లో పలాసలో డయాలసిస్, విడతకు నాలుగు గంటలు; అందుకే ఆసుపత్రి పక్కనే ఒక గదిలో ఉంటున్నాడు. నేను ఉండేది పలాసలోనే కనుక ఆ నాలుగు గంటలూ అతని పక్కన కూర్చుంటాను. మార్జిన్లలో నేను రాసుకున్న ఆక్షేపణలు కూడా చదివి వినిపించమంటాడు. కథ కంటే అవే బాగుంటాయట.

పక్క మంచం మీద అక్కుపల్లి నుంచి వచ్చే మత్స్యకారుడొకాయన వింటూంటాడు. మా జలంత్రకోటలోలాగే ఆ ఊళ్లోనూ ఇంటింటా ఇదే జబ్బు. ఒకసారి దెయ్యం ప్రవేశించగానే, "ఆ దెయ్యం మా ఊరొత్తే దానిక్కూడా ముందు రగతం పరీచ్చ సేయించాల బాబూ," అన్నాడు. సూదులున్న చెయ్యి కదపకుండా నవ్వడం ఎలాగో వాళ్లిద్దరికీ వచ్చు.

ఒక శుక్రవారం చదివిన నవలలో, కొండ మీది బంగళాలో ఎనభయ్యో పేజీకల్లా ముగ్గురు చనిపోతారు. నాలుగో మనిషి అదే ఇంట్లో పడుకుంటాడు. అక్కడ నేను రాసుకున్నది చదివాను: "అసంబద్ధం. వీళ్లు ఇల్లు విడిచి ఎందుకు వెళ్లరు?"

"అన్నియ్యా, ఆ మాట ఎవుల్ని అడుగుతన్నావు?" అన్నాడు తమ్ముడు.

"రచయితను."

"ఆయన్నెందుకూ? మనల్నడుగు. నాన్న పోనాడు. అమ్మ పోనాది. పెద్దన్నియ్య పోనాడు. ముగ్గురూ ఆ ఇంట్లోనే, ఇదే జబ్బుతోటి. నాలుగోవోడిని నానే కదేటి!"

మత్స్యకారుడు నవ్వబోయి ఆగిపోయాడు.

తమ్ముడు కల్పించి చెప్పలేదు. పెద్దన్నయ్య దినాలు ముగిసిన మర్నాడు ఊరివాళ్లు ఇంటిదే దోషమన్నారు. ఎవరో వచ్చి కొలిచి వీధి గుమ్మం తూర్పుకు మార్పించారు, బావి పూడ్పించారు. తమ్ముడికి వాటి మీద నమ్మకం లేదు. "నీరో, గాలో, మరేటో నాకు తెల్దు. టెక్కలి ఎల్లిపోతామన్నియ్యా," అన్నాడు. ఇంట్లో సగం నాది. నా మాట లేనిదే అతను కదలడు. నేను రుజువు అడిగాను.

రుజువును నేనే సేకరించాను కూడా. మా బోరు నీళ్లు, పొరుగువారి బోరు నీళ్లు, తోటలోని నుయ్యి నీళ్లు వేర్వేరు సీసాల్లో పట్టి, తేదీ, సమయం రాసి అంటించి, మూడు చోట్ల పరీక్షకు పంపాను. అన్ని అంకెలూ పరిమితిలోనే వచ్చాయి. కాగితాలు తమ్ముడి ముందు పరిచి, "దోషం ఎక్కడుందో చూపించు," అన్నాను. అతను చూపించలేకపోయాడు. పెద్దవాడిని గనుక నా మాట కాదనలేక ఉండిపోయాడు. అన్ని సీసాల్లో నేను నీళ్లే పంపాను. ఆ నీళ్లు తాగుతున్న తమ్ముడి రక్తం ఒక్క సీసాడు పంపాలని నాకు తోచలేదు. తోచేసరికి, చేయడానికి డయాలసిస్ తప్ప మరేమీ మిగల్లేదు. కారణమేమిటో ఈనాటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు.

"ఇంట్లో ఇంకా నలుగురున్నారు," అన్నాడు తమ్ముడు, యంత్రం వైపు చూస్తూ. అతని కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. "నాను సెప్తే గుంటడు వినడు. పెదనాన్న కాయితాలు సూపించి ఏటీ లేదన్నాడు గదా అంటాడు. నువ్వు సెప్పు. ఈపాలి కాయితాలొద్దు."

సరేనన్నాను.

ఆదివారం ఉదయం జలంత్రకోట వెళ్లాను. వాకిట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు మావాడు, తమ్ముడి కొడుకు. ఇల్లు ఖాళీ చేసి టెక్కలి వెళ్లిపొమ్మన్నాను.

"ఏటి పెదనాన్నా, కొత్త కాయితమేటైనా ఒచ్చిందేటి?"

"లేదు."

"మరి?"

"కాగితం లేకుండానే చెబుతున్నాను. వెళ్లిపోండి."

అతను చేతిలోని కాయ పక్కన పెట్టి లేచాడు. లోపలికి వెళ్లి, నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పిల్లలవీ భార్యదీ బాగానే ఉన్నాయట. ఇది అతనిది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4. అతనికి ముప్పై మూడేళ్లు. ఆ వరుసలో పరిమితి 1.3 అని అచ్చువేసే ఉంది. అయినా రెండుసార్లు చదివాను.

"నాన్నకి సెప్పకు," అన్నాడు. "ఎలాగూ ఎల్లిపోదామనే అనుకుంతన్నాం."

పదిహేను రోజుల్లో టెక్కలిలో అద్దె ఇంట్లో చేరారు. ఆ దూరం సరిపోతుందో లేదో కొలిచి చెప్పగలవాడు లేడు. మావాడి విషయంలో ఇక కొలవడానికేముంది?

తర్వాతి మంగళవారం, సూదులు గుచ్చి నర్సు అటు వెళ్లగానే తమ్ముడు నా వైపు తిరిగాడు.

"ఎల్లిపోనారా?"

"వెళ్లారు."

"అందరూ?"

"నలుగురూ."

"అంటే నలుగురూ బయటపడ్డట్టే," అన్నాడు. రెండేళ్లలో అంత తేలికపడిన ముఖం నేను చూడలేదు. "నువ్వు లెక్క సెప్తే ఇంకేటుందన్నియ్యా!"

అవునన్నాను.