నాయన నొప్పిని నమ్మిన డాక్టరు

మొన్న ఆదివారం కోలారు బంగారు గనుల దగ్గరి ఊరిగాం నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఎముకల డాక్టరు పోయినారంటమ్మా" అంది. బాధ కలిగింది, నిజమే. కానీ ఆ మనిషి తలపుకొస్తే నాకు ఇప్పటికీ ఉత్సాహమే పొంగుకొస్తుంది. ఏం చేయను, ఆయన మా ఇంటికి చేసిన మేలు అట్లాంటిది. నాయన బతికి ఉంటే కబురు వినగానే ఆ ఇంటికి పరిగెత్తేవాడు.

గనులు సర్కారువయ్యాక నాయన లోపల డ్రిల్లింగు పనిలో చేరాడు. తర్వాత కొన్నేళ్ళకు కుడి మోకాలు నొప్పి మొదలైంది. గని కార్మికులుండే లైన్లలో మోకాలు నొప్పి లేని ఇల్లు లేదు కనుక వైద్యమూ అందరికీ తెలిసిందే: కర్పూరం వేసి కాచిన నూనె, పైన గుడ్డ కట్టు. ఎవరడిగినా ప్యాంటు మోకాలి దాకా మడిచి చూపించేవాడు. ఎక్స్‌రే తీస్తే మోకాలు శుభ్రంగా ఉంది. దాంతో లోపలి పని తప్పించుకోవడానికి నాటకాలాడుతున్నాడన్నారు తోటివాళ్ళు. పదహారేళ్ళ నేనూ ఆ మాట నమ్మాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

అప్పుడే ఆ డాక్టరు గని ఆసుపత్రికి కొత్తగా వచ్చారు. ఎవరినైనా ముందు వరండాలో నడిపించి చూసేవారు. "నోరు ఎన్నైనా చెప్తాదప్పా, నడక ఉన్నదే చెప్తాది" అనేవారు. అమ్మా నేనూ నాయన వెంట వెళ్ళాం. నాయన ప్యాంటు మడవబోతే వద్దన్నారు. బల్ల మీద పడుకోబెట్టి, కాలిని తుంటి దగ్గర మెల్లగా లోపలికి తిప్పారు. నాయన కెవ్వుమని మోకాలు పట్టుకున్నాడు.

డాక్టరు ముఖం వెలిగిపోయింది. "తుంటి మీద కొడితే పళ్ళు రాలినాయంటారే, అట్ల ఉండాదప్పా నీ కత. జబ్బు తుంటిలో, నొప్పి మోకాల్లో."

తుంటికి ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక గుండు నలిగిపోయి ఉంది. కీలు మార్చాలన్నారు. అమ్మ భయపడితే గుప్పిట్లో నిమ్మకాయ తిప్పి చూపించారు. "ఇది గుండు, ఇది గిన్నె. పాడైనవి తీసి కొత్తవి పెడతాము, అంతేనమ్మా."

నాయన ఆపరేషన్ సంగతే పట్టించుకోలేదు. "అయితే నేను అబద్ధం చెప్పలేదు గదా సార్?" అన్నాడు.

"నువ్వు చెప్పలేదప్పా. మేమే తప్పు చోట వెతికినాము" అన్నారాయన, ఆ తప్పులో తనకు వాటా లేకపోయినా. నేను గోడ వైపు తిరిగి ఏడ్చేశాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు నాయన వాకరు పట్టుకుని లేచాడు. చూడవచ్చిన తోటి పనివాళ్ళు గోడకు ఒదిగి దారిచ్చారు. డాక్టరు రెండు చేతులూ చాచి, వెనక్కి వెనక్కి నడుస్తూ "రాప్పా, రా" అంటున్నారు. నాయన తలెత్తుకుని, వాళ్ళందరి మధ్య నుంచి, ఒక్కో అడుగే వేస్తున్నాడు.